మట్టి సైట్ గేటు దాటకూడదు

గట్టి వాన ఒకటి పడ్డాక హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ వైపు ఒకసారి బండి మీద వెళ్లి చూడండి. సెల్లార్ తవ్వకం నడుస్తున్న చోట గేటు దగ్గర్నుంచే రోడ్డు ఎర్రబడి ఉంటుంది. టిప్పర్ టైర్లకు పట్టిన మొరం ముద్దలుగా రాలి, వెనక వచ్చే కార్ల కింద నలిగి, జారుడు పొరలా పరుచుకుంటుంది, ఆ మలుపులో బ్రేక్ వేసిన స్కూటర్ మనిషితో సహా పక్కకు పోతుంది. ఆ పక్కనే సెల్లార్ గుంతలో నిలిచిన నీళ్లు తోడే మోటార్ పైపు, దాని మూతి నేరుగా నాలాలోకి. ఆ నీళ్లు ఒక బాటిల్‌లో పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక చేరుతుంది, పైన నీళ్లు మాత్రం ఇంకా చాయ్ రంగులోనే ఉంటాయి.

మా వాదనంతా ఆ బాటిల్‌లోనే ఉంది. ఇసుక బరువు కాబట్టి నీళ్ల వేగం తగ్గిన ప్రతిచోటా, అంటే కల్వర్టు కింద, నాలా మలుపులో దిగిపోయి నీళ్లు పోయే దారిని ఇరుకు చేస్తుంది. సన్నటి బంకమట్టి అలా దిగదు, గంటలకొద్దీ తేలుతూ వెళ్లి చెరువులో పడుతుంది. ఇక వానాకాలం వస్తుందనగానే బల్దియా (నగర పాలక సంస్థ) పూడికతీత మొదలవుతుంది. బిల్డర్ ఆపని మట్టిని మనం కట్టిన పన్నులతో ఎత్తుతున్నాం. ఎత్తిన మట్టి నాలా ఒడ్డునే కుప్ప పోసి, రెండు రోజుల్లో వాన పడి మళ్లీ అందులోకే జారడం చూడని కాలనీ ఏదైనా ఉందా?

2020 అక్టోబర్‌లో ఒక్క రోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా వాన కురిసి నగరం మునిగినప్పుడు అందరం కబ్జాల గురించి మాట్లాడాం, మాట్లాడాల్సిందే. కానీ కబ్జా లేని నాలా కూడా సగం మట్టితో నిండి ఉంటే సగం నాలాయే కదా.

రూల్స్ అసలే లేవని మేం అనడం లేదు. నిర్మాణ వ్యర్థాలు రోడ్డుకు, డ్రెయిన్లకు అడ్డం పడకుండా చూసుకునే బాధ్యత కట్టేవాళ్లదేనని 2016లో వచ్చిన కేంద్ర నిబంధనలే చెప్పాయి. విడి మట్టిని, ఇసుకను కప్పకుండా వదలొద్దని 2018 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది, అయితే అది దుమ్ము కోసం. వానాకాలంలో సెల్లార్ తవ్వకాలు ఆపమని బల్దియా ఆదేశాలు ఇస్తుంటుంది, అది గోడలు కూలి కూలీల ప్రాణాలు పోకుండా. అన్నీ మంచివే. అయితే ఏప్రిల్‌లో తవ్వి గుట్టగా పోసిన మట్టి జులై వానకు ఎటు పోతుంది, గుంతలో నీళ్లు ఎలా బయటికి పంపాలి అన్న సూటి ప్రశ్నకు వీటిలో సూటి జవాబు లేదు. ఇరవై వేల చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి ఉంటుంది, నిజమే, కానీ దానికి లోబడని సైట్లు గల్లీకొకటి ఉన్నాయి.

మనకంటే ఎక్కువ వానలు పడే సింగపూర్‌లో సైట్ నుంచి డ్రెయిన్‌లోకి వదిలే నీళ్లలో లీటరుకు 50 మిల్లీగ్రాములకు మించి మట్టి తేలకూడదు. వదిలే చోట కెమెరా కూడా పెట్టిస్తారు. అమెరికాలో ఎకరం, అంతకు మించి నేల కదిపితే మట్టిని ఎలా ఆపుతారో ముందే ప్లాన్ రాసుకుని పర్మిట్ తీసుకోవాలి.

ఇక్కడ అంత దూరం వెళ్లకపోయినా మొదలుపెట్టొచ్చు. జేసీబీ మొదటి బొచ్చె మట్టి ఎత్తకముందే పల్లం వైపు అడ్డుకట్ట ఉండాలి. గేటు దగ్గర కంకర పరిచి, టైర్లు కడిగాకే టిప్పర్‌ను వదలాలి, ఆ కడిగిన నీళ్లు కూడా రోడ్డు మీదికి రాకూడదు. సెల్లార్ నీళ్లు తొట్టిలో నిలిపి, తేటపడ్డాకే బయటికి పంపాలి. రెండు వారాలు కదపని మట్టికుప్ప మీద టార్పాలిన్ ఉండాలి. రెండొందల గజాల ఇల్లు కట్టుకునే మనిషిని ఇవన్నీ అడగడం అన్యాయం, ఆయనకు ఇసుక బస్తాల వరస, ఒక టార్పాలిన్ చాలు.

ఖర్చు పెరుగుతుందని బిల్డర్లు అంటారు. పెరుగుతుంది. ఇప్పుడు కూడా ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, పూడికతీత బిల్లులో ఉంది, ముంపు కాలనీలో పాడైన ఫ్రిజ్‌లో ఉంది, మ్యాన్‌హోల్ దగ్గర బకెట్‌తో ఎర్ర బురద ఎత్తే కార్మికుడి నడుం నొప్పిలో ఉంది. వాళ్లెవరూ ఆ ఫ్లాట్లు అమ్ముకుని లాభం తీసుకోలేదు.

అమలు ఎలా అంటారా, పర్మిషన్ ఇచ్చే రోజే సైట్ ముందున్న డ్రెయిన్ మూత తీసి లోపల ఫొటో తీయండి, కొలత రాయండి. కట్టడం పూర్తయ్యాక, అందులో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు వచ్చినప్పుడు మళ్లీ అదే మూత తీయండి. మట్టి నిండి ఉంటే శుభ్రం చేయించాకే సర్టిఫికెట్ ఇవ్వండి. మధ్యలో వానాకాలం వస్తే వార్డు సిబ్బంది వారానికోసారి గేటు దగ్గర రోడ్డు చూస్తే చాలు, ఎర్రగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంజినీరే రానక్కర్లేదు. ఇవన్నీ తప్పనిసరి చేసే ఉత్తర్వు వచ్చే వానలకు ముందే రావాలని కోరుతున్నాం.