చేతిపంపుతో కౌగిలి

కరెంటు పోతే నీళ్లకి ఇబ్బంది అవుతోందని నూతి మీద స్లాబు వేయించి చేతిపంపు పెట్టించాం. పైపు దింపారు, దాని అడుగున నీళ్లు కిందికి జారిపోకుండా ఫుట్ వాల్వు బిగించారు, జాయింట్లకి టేపు చుట్టారు, వాటితో ఏ గొడవా లేదు. గొడవంతా పంపు కింది బోల్టులతోనే.

బోల్టు చివర వంచి, లోపలి ఇనుప చువ్వలకి కట్టి, ఆ తర్వాత కదా కాంక్రీటు పొయ్యాలి! మా మేస్త్రి ముందు కాంక్రీటు పోసేసి, తిన్నగా ఉన్న బోల్టుల్ని అందులో కేకు మీద కొవ్వొత్తుల్లా గుచ్చాడు. వంచక్కర్లేదా అంటే "టెన్షన్ పడకండి సార్, రేపే కొట్టుకోండి నీళ్లు" అన్నాడు. కాంక్రీటు బలం లెక్కగట్టేది 28 రోజులకి, కనీసం వారమైనా తడుపుతూ ఉండాలి, ఈ సంగతి ఆయనకి తెలీదంటే నేను నమ్మను. డబ్బుల కోసం మాత్రం 28 రోజులు ఆగలేదు.

పొద్దున్నే అందరూ చుట్టూ చేరారు. పంపు పైనుంచి చెంబుడు నీళ్లు పోసి కొట్టడం మొదలుపెట్టాను. కాసేపు గుడగుడలాడింది. ఇంకాస్త గట్టిగా నొక్కేసరికి పంపే నా వైపు వంగింది. హ్యాండిల్ నొక్కినప్పుడల్లా పంపు మన వైపు ఒరగాలని చూస్తుంది, దాన్ని పట్టి ఉంచాల్సినవి అవతలివైపు బోల్టులు. అవి ఏమాత్రం మొహమాటపడకుండా పైకి లేచొచ్చేశాయి.

రెండు చేతులా వాటేసుకున్నాను. ఏం చెయ్యను, వదిలితే పైపు విరుగుతుంది, విరిగితే ఫుట్ వాల్వుతో సహా నూతి అడుక్కి పోతుంది. పోసిన చెంబుడు నీళ్లూ నా కాలర్లోంచి లోపలికి దిగాయి. పట్టుకోండర్రా అని అరిస్తే, పక్కింటి మాస్టారు తాపీగా దగ్గరికొచ్చి "పంపు లోపలి వాషరు తోలుదేనా? నానబెట్టావా?" అని అడిగారు. నానబెట్టానండీ, నాతో సహా. అంతటితో వదిలారా? నీళ్లని మనం లాగం, బయటి గాలి బరువే పైకి తోస్తుంది, అందుకే ఎంత కొట్టినా 10.3 మీటర్లు దాటి ఎక్కవు, వాడుకలో 7 మీటర్లు ఎక్కితే గొప్ప, ఇటలీ శాస్త్రవేత్త టారిచెల్లి 1643లో పాదరసంతో తేల్చింది ఇదే అంటూ మొదలుపెట్టారు. మాస్టారి మాట మధ్యలో ఆపే అలవాటు మా వీధిలో ఎవరికీ లేదు, కాబట్టి అందరూ వింటున్నారు. నేనూ విన్నాను, చెంప పంపుకి ఆనించుకుని. మా ఆవిడ ఫోన్ తీస్తే సాయానికి ఎవర్నో పిలుస్తోందనుకున్నా, ఫొటో తీసింది.

ఆ ఫోన్‌తోనే మేస్త్రికి కొట్టి, నా చెవి దగ్గర పెట్టమన్నాను.

"బోల్టులు లేచిపోయాయయ్యా!"

"గట్టిగా కొట్టుంటారు సార్."

"పంపు కొట్టకుండా ఏం చేస్తారు?"

"ఇప్పుడు స్లాబు పగలగొట్టాలంటే లేబరు వేరే అవుద్ది సార్" అని పెట్టేశాడు.