ఏం గాదు, కారనీ!

పాత డీజిల్ వ్యాను కొని, వెనక మంచం వేసి, గ్యాసు పొయ్యి బిగించి సోమశిలకో, నాగార్జునసాగర్‌కో బయలుదేరేవాళ్లకు ఒక మనవి. ఫ్యూయల్ పంపు కింద నాలుగు చుక్కలు కనపడగానే రిపేరంటూ గగ్గోలు పెట్టకండి. ఇన్నేళ్లు కష్టపడి కారడం నేర్చుకున్న పంపును ఒక్క పూటలో మాన్పించడం అన్యాయం. దానికి జరగాల్సిన మర్యాదలు మన నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద ఎప్పుడో ఖరారయ్యాయి. మొదట బట్టపేలిక చుట్టాలి. తర్వాత సబ్బు రుద్దాలి, ఆపైన ఎం-సీల్ పులమాలి. అప్పటికీ ఆగకపోతే కింద ఫ్లెక్సీ పరవాలి. ఓడిన అభ్యర్థి ఫ్లెక్సీ అయితే శ్రేష్ఠం, గెలిచినాయనది పరిస్తే మాటొస్తది.

నష్టమెంతని అడిగే పిసినారులకు లెక్క చెబుతాం. సుమారు ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. సెకనుకు ఒక చుక్క పడితే గంటకు 180 మి.లీ., ఐదు గంటల ప్రయాణానికి 900 మి.లీ. వెనకొచ్చే బైకులను జార్చడానికి లీటరు కూడా పెట్టలేమా?

కారుడు ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియనంత కాలమే దానికి ఆయుష్షు. అందుకే పంపును ఎన్నడూ కడగవద్దు. మసి, మట్టి, పాత సబ్బు కలిసి కట్టిన ఆ పొర దానికి కవచం. బుద్ధిలేనివాడెవడైనా బ్రష్షు, కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, పైన టాల్కం పౌడరు చల్లి ఐదు నిమిషాలు ఐడిలింగ్‌లో పెట్టాడంటే కథ కంచికే. పౌడరు మొదట తడిసిన చోటే దొంగ ఉంటాడు. చుక్క రాలేది అడుగున, పుట్టేది పైన. ఈ సంగతి తెలియకే చాలామంది అడుగు బోల్టులను బిగించీ బిగించీ మరలు పోగొడతారు. మనకు అదే కావాలి.

తిరుగుతూ అన్ని నాజిళ్లకూ డీజిల్ పంచే రోటరీ పంపయితే కారడానికి ముఖ్యంగా నాలుగు చోట్లు: రేసు లివరు తిరిగే షాఫ్టు, పైమూత గ్యాస్కెట్, నాజిల్ పైపులు బిగించే హెడ్డు వెనకున్న ఓ-రింగు అనే గుండ్రటి రబ్బరు, ముందువైపు డ్రైవ్ షాఫ్టు సీలు. నాలుగోది బాగా తెలివైనది. గేర్లతో నడిచే పంపులో అది బయటికి కారకుండా ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు తగ్గాల్సింది పోయి పెరుగుతూ, డీజిల్ వాసన కొడుతుంటే ఖర్చు లేకుండా ఆయిలు కలిసొచ్చిందని స్వీట్లు పంచుకోండి. బేరింగులు ఆ శుభవార్తను నిదానంగా వింటాయి.

ఇంతకీ తప్పెవరిది? తేదీతో సహా ప్రభుత్వం మీదికి తోసేయొచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 డీజిల్ వచ్చి, గంధకం 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నుంచి 10కి దిగింది. గంధకం తీసేటప్పుడు డీజిల్‌లోని ఆరోమాటిక్స్ అనే రసాయనాలు కూడా కొంత తగ్గుతాయి. పాత నైట్రైల్ రబ్బరు వాటిని పీల్చుకునే ఉబ్బి సీలుగా పనిచేసేది, అవి తగ్గేసరికి కుంచించుకుపోతుంది. దానికి తోడు వయసు మీదపడి గట్టిబడ్డ రబ్బరు. మళ్లీ నైట్రైల్ కిట్టే తెచ్చి వేస్తే మనం నిశ్చింతగా ఉండొచ్చు. డీజిల్‌కు తట్టుకునే వైటన్ రబ్బరు రింగులు వేసేవాళ్లను మాత్రం దగ్గరికి రానీయకండి.

ఆ ద్రోహులు చేసే పని ఇదీ. లివరు విప్పే ముందే షాఫ్టు మీద, లివరు మీద పంచ్‌తో గుర్తు కొడతారు. మరచిపోయి ఒక పన్ను పక్కకు వేస్తే ఇంజన్ ఆగకుండా రేసందుకోవడమో, అసలు లేవకపోవడమో జరుగుతుంది కదా, ఆ వినోదమే లేకుండా చేస్తారు. పైమూత ఎత్తేటప్పుడు షాఫ్టుకు తగిలించి ఉన్న, ఇంజన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ స్ప్రింగును నిదానంగా విడదీసి, ఏ కన్నంలో ఉందో ఫొటో తీసుకుంటారు. షాఫ్టు రంధ్రమే అరిగి లివరు ఊగుతుంటే కొత్త రింగు వేసినా నిలవదని, బుష్షు వేయించడానికి పంపు షాపుకు పంపుతారు. హెడ్డు ఓ-రింగుకైతే నాలుగు బోల్టులూ కొద్దికొద్దిగా సమంగా వదులు చేసి, హెడ్డును ఐదారు మిల్లీమీటర్లు మాత్రమే జరిపి పాతది లాగేస్తారు. ఇంకాస్త లాగితే లోపలి స్ప్రింగులు, డీజిల్‌ను నెట్టే ప్లంజరు చోటు తప్పి పంపు మొత్తం షాపులో పరీక్షించే టెస్ట్ బెంచి ఎక్కేది. ఆ అవకాశమూ పోయింది.

సిలికాన్ పేస్టు, టెఫ్లాన్ టేపు వాళ్లకు గిట్టవు. పేస్టు డీజిల్‌కు మెత్తబడుతుందట, ఊడిన ముక్కలు పంపులోకి పోతాయట. రాగి వాషరు ఒకసారి నొక్కుకుంటే గట్టిపడుతుందని కొత్తది వేస్తారు, దొరక్కపోతే ఎర్రగా కాల్చి చల్లార్చి మెత్తబరుస్తారు. రిటర్న్ పైపు బోల్టు మీద ‘అవుట్’ అని ఉంటుంది, దాంట్లో సన్నని రంధ్రం. దాన్ని ఇన్‌లెట్ బోల్టుతో తారుమారు చేస్తే లోపలి ఒత్తిడి చెడి బండి సరిగ్గా నడవదు. అదీ చూసుకుని మరీ వేస్తారు. ఇంతటి చాదస్తులతో ఏం మాట్లాడతాం?

నిప్పు భయం పెడతారు కూడా. మన డీజిల్‌కు ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి, కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలన్నది ప్రమాణం. మే నెలలో నల్లగొండ ఎండే 44 దాటుతుంది. వేడెక్కిన సైలెన్సర్ పైపు మీద చుక్కలు పడుతుంటే, సీట్ల మధ్య ఇంజన్ డబ్బా మీదే మంచం పరిచి, పక్కనే పొయ్యి వెలిగించే వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి గానీ బెదిరించొచ్చా? నాజిల్ పైపు కారుతుంటే వేలు పెట్టి చూడొద్దని, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలనీ అంటారు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం కింద దిగితే నొప్పి లేకున్నా వెంటనే ఆసుపత్రికి పోవాలట.

కారుడులో బయటికి కనపడనిది ఇంకొకటుంది. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు క్లిప్పు వదులైతే అక్కడ డీజిల్ కారదు, గాలి దూరుతుంది. పొద్దున సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టాల్సి వస్తుంది. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్‌లో ఎయిర్ పట్టుకుని బండి ఆగితే, రాత్రి ఆ అడవి దారిలో రాకపోకలు ఆపేస్తారు గనుక నల్లమల అందాలను తీరిగ్గా చూడొచ్చు. అప్పుడు ఫిల్టరు మీద గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి నిండు ధార వచ్చేదాకా హ్యాండ్ ప్రైమరు కొట్టి, ఇంకా స్టార్టు కాకపోతే రెండు నాజిల్ నట్లు అరచుట్టు వదిలి, పదిహేను సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టి, తడి కనపడగానే బిగించే పని మాత్రం ఎవరికీ నేర్పకండి.

ఇంత చెప్పినా వినకుండా డ్రైవ్ షాఫ్టు సీలు మార్చినవాళ్లు ఇంజన్ ఆయిలునైనా పాతదే ఉంచండి. ఆయిలు, ఆయిల్ ఫిల్టరు కూడా మార్చేస్తే ఇంజన్ బోరు పనికి వ్యాను ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే మెకానిక్ అన్న ఏం కావాలి?