జర్నల్స్ వచ్చాయి సరే, రిఫరెన్స్ సెక్షన్ సంగతేంటి?

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని, ప్రభుత్వ విద్యాసంస్థలకి పరిశోధన పత్రికలు (జర్నల్స్) ఆన్‌లైన్లో అందించే కేంద్రం స్కీం వచ్చినప్పటి నుంచి తిరుపతిలో మేం లైబ్రేరియన్లు నలుగురం ఎక్కడ కలిసినా ఒకటే మాట వినబడతా ఉంది, లైబ్రరీ కమిటీలో పుస్తకాల బడ్జెట్ ఎత్తగానే "అంతా ఆన్‌లైన్లో ఫ్రీగా వస్తా ఉంది కదా సార్, ఇంక రిఫరెన్స్ బుక్స్‌కి లక్షలెందుకు" అంటున్నారని. ఈ మాట అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, నిజంగానే అంతా వచ్చేసిందని అనుకుంటున్నారు. అక్కడే తేడా కొడుతోంది.

ఆ స్కీం మంచిదే, అందులో సందేహం లేదు. 2024 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది, 2025 జనవరి 1 నుంచి మొదలైంది, మూడేళ్ళకి 6,000 కోట్లు, 30 మంది అంతర్జాతీయ పబ్లిషర్ల నుంచి దాదాపు 13,000 జర్నల్స్, ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ లైబ్రరీ నెట్‌వర్క్ కేంద్రం ద్వారా 6,300కి పైగా ప్రభుత్వ సంస్థలకి. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, సంస్కృత యూనివర్సిటీ, ఐఐటీ, ఐసర్, ఇన్ని ప్రభుత్వ సంస్థలు ఒకే ఊళ్ళో ఉన్న తిరుపతికి అది చిన్న విషయం కాదు. కానీ వచ్చింది జర్నల్స్. సబ్జెక్ట్ ఎన్‌సైక్లోపీడియాలు, హ్యాండ్‌బుక్కులు, నిఘంటువులు, బిబ్లియోగ్రఫీలు (ఒక విషయం మీద వచ్చిన పుస్తకాలు, వ్యాసాల జాబితాలు), అట్లాసులు అందులో భాగం కాదు. ప్రైవేట్ కాలేజీలకైతే ఆ జర్నల్స్ కూడా లేవు. అంటే రీసెర్చ్ వ్యాసాలు చదవడానికి దారి తెరుచుకుంది గానీ, ఆ వ్యాసాల్లో మాటలు అర్థం కావడానికి, ఈ టాపిక్ మీద ఇప్పటిదాకా ఎవరేం చేశారో ఒక్కచోట చూసుకోవడానికి పిల్లలకి ఏం కావాలో దాని ఖర్చు మాత్రం ఎప్పట్లాగే మన జేబులోంచే పెట్టుకోవాలి, ఆ జేబేమో కుట్టేస్తా ఉన్నారు.

రిఫరెన్స్ సెక్షన్ మొత్తాన్ని కాపాడమని నేను అనడం లేదు. మన దేశపు లైబ్రరీ సైన్స్ పితామహుడు రంగనాథన్ గారు రిఫరెన్స్ సర్వీసుని రెండుగా చెప్పారు, రెడీ రిఫరెన్స్, లాంగ్ రేంజ్ రిఫరెన్స్ అని. మొదటిది ఫలానా దేశం రాజధాని ఏది, ఫలానా ఆయన ఎప్పుడు పుట్టాడు లాంటివి, నిమిషంలో తేలిపోయేవి. ఆ పని ఫోన్లోకి వెళ్ళిపోయింది, వెళ్ళనీయండి. బ్రిటానికా వాళ్ళే 2012లో ఇంక ముద్రించం అని చెప్పేశారు, 32 సంపుటాల సెట్టుకి అదే ఆఖరు. ఇయర్ బుక్కులు, డైరెక్టరీలు ప్రతి ఏడాదీ కొనడం మానేసినా పెద్ద నష్టం లేదు. రెండోది వేరు. ఒక ప్రశ్నకి జవాబు ఒక్క ముక్కలో ఉండదు, నాలుగు చోట్ల వెతకాలి, ఒకదానితో ఒకటి పోల్చుకోవాలి, ఏది నమ్మాలో తేల్చుకోవాలి. యూనివర్సిటీ లైబ్రరీకి కొత్త రిఫరెన్స్ ప్రచురణ కావాలంటే ఈ రెండో పని కోసమే కావాలి, కొనేటప్పుడు కొలత కూడా అదే.

ఒక ఉదాహరణ చెప్తాను, మన ఊరిదే. తిరుమలలో భోగ శ్రీనివాసమూర్తి అని వెండి విగ్రహం ఉంది, సమవాయి అనే పల్లవ వంశపు రాణి సమర్పించిందని శాసనం ఉంది. ఎప్పుడు? నెట్లో కొడితే కొన్ని చోట్ల 614 అని వస్తుంది, కొన్ని చోట్ల 966 అని వస్తుంది. మధ్యలో మూడున్నర శతాబ్దాల తేడా! ఎందుకు వచ్చిందంటే శాసనంలో రాజు పాలనలో పద్నాలుగో ఏడు అని ఉంటుంది, ఆ రాజు ఎవరు అనుకుంటామో దాన్ని బట్టి ఏడాది మారిపోతుంది. ఎమ్మే హిస్టరీ అమ్మాయి ఒకామె వచ్చి సార్ ఏది రాయమంటారు అంటే, ఏదో ఒక తేదీ చెప్పి పంపేయడం రెడీ రిఫరెన్స్. టీటీడీ వాళ్ళు 1930ల్లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారితో మొదలుపెట్టి వేసిన శాసనాల సంపుటాల్లో మొదటిది తీసి, మూలపాఠం చూపించి, రాజు పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించి, ఈ రెండు తేదీలూ ఎలా పుట్టాయో ఆమే రాసుకునేలా చేయడం రెండో రకం.

కాబట్టి దక్షిణ భారత దేవాలయాల మీద ఏదైనా కొత్త ఎన్‌సైక్లోపీడియా స్పెసిమెన్ కాపీ (కొనే ముందు చూడమని పంపే ప్రతి) వస్తే నేను ముందు చూసేది ఈ ఎంట్రీనే. ఒక్క తేదీ రాసి ఊరుకుందా, రెండూ చెప్పి కారణం చెప్పిందా, శాసన సంపుటం పేజీ ఇచ్చిందా, ఎంట్రీ కింద రాసినవాళ్ళ పేరుందా. మనకి బాగా తెలిసిన ఒకట్రెండు విషయాలు తెరిచి చూస్తే చాలు, మనకి తెలియని మిగతా వెయ్యి ఎంట్రీల మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో తెలిసిపోతుంది. అగ్రికల్చర్ కాలేజీ వాళ్ళు వేరుశనగ తెరిచి చూడండి, వెటర్నరీ వాళ్ళు పుంగనూరు ఆవు తెరిచి చూడండి.

ఈ మధ్య ఇంకో రకం పని ఎక్కువైంది. పీహెచ్‌డీ చేసేవాళ్ళు ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సుల లిస్టు తెచ్చి ఈ పేపర్లు తెప్పించండి సార్ అంటారు. జర్నల్ పేరు నిజమైనదే ఉంటుంది, వాల్యూమ్ నంబర్ కూడా సరిపోతుంది, కానీ ఆ పేజీ తీస్తే అక్కడ వేరే వ్యాసం ఉంటుంది. రచయిత కూడా ఆ రంగంలో నిజంగా ఉన్న మనిషే, ఈ వ్యాసం మాత్రం ఆయన ఎప్పుడూ రాయలేదు. పిల్లల్ని తిట్టి లాభం లేదు, వాళ్ళకి సరిగ్గా చేసిన బిబ్లియోగ్రఫీ చేతిలో పెట్టి చూపించినవాళ్ళు లేరు. ఒక మనిషి కూర్చుని, చూసి, ఉంది అని నిర్ధారించుకుని రాసిన జాబితా ఎలా ఉంటుందో ఒక్కసారి చూస్తే తేడా వాళ్ళకే తెలుస్తుంది. రిఫరెన్స్ పుస్తకానికి మనం డబ్బు పెడతా ఉన్నది ఆ బాధ్యత కోసం, సమాచారం కోసం కాదు.

మరి కొత్తవి ఎలా ఎంచుకుంటున్నాం? నిజం చెప్పుకుందాం, చాలా కాలేజీల్లో మార్చి ఎండింగ్‌లో ఎంచుకుంటున్నాం. ఫండ్ ఫిబ్రవరి ఆఖర్లో రిలీజ్ అవుతుంది, 31లోగా బిల్లు పెట్టాలి, ఖర్చయిందని యూసీ (యుటిలైజేషన్ సర్టిఫికెట్) ఇవ్వాలి, వెండర్ దగ్గర ఏ సెట్టు రెడీగా ఉంటే అది వస్తుంది. మూడు కొటేషన్లు, డిస్కౌంట్ జాస్తి ఎవరిస్తే వాళ్ళకి ఆర్డర్. అలా వచ్చిన సెట్లలో కొన్ని ఎలా ఉంటాయో రిఫరెన్స్ సెక్షన్లో పని చేసిన ఎవరికైనా తెలుసు, ఎన్‌సైక్లోపీడియా అని పేరుంటుంది, పది సంపుటాలుంటాయి, బంగారు అక్షరాల అట్ట, లోపల చూస్తే ఎంట్రీకి రచయిత లేడు, ఇండెక్స్ లేదు, పాత గెజిటీర్ల నుంచి పేరాలకి పేరాలు ఎత్తి అతికించి ఉంటాయి, గణాంకాలు ఎప్పటివో. వచ్చిన పుస్తకాలు ఎక్కించే యాక్సెషన్ రిజిస్టర్లో పది నంబర్లు పెరుగుతాయి, కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే నాక్ టీం వచ్చినప్పుడు చూపించడానికి పనికొస్తాయి. నాకు ఇది చూస్తే నిజంగా బాధేస్తుంది, అదే డబ్బుతో ఒక్క మంచి హ్యాండ్‌బుక్ కొనుంటే పదేళ్ళు వాడేవాళ్ళు.

బయట దేశాల్లో దీనికి ఒక వ్యవస్థ ఉంది. అమెరికాలో చాయిస్ అనే పత్రిక 1964 నుంచి అకడమిక్ లైబ్రరీల కోసం సమీక్షలు వేస్తోంది, లైబ్రేరియన్ల సంఘం వాళ్ళు మేలైన రిఫరెన్స్ ప్రచురణకి డార్ట్‌మౌత్ మెడల్ ఇస్తారు, అమెరికన్ రిఫరెన్స్ బుక్స్ యాన్యువల్ 1970 నుంచి వచ్చింది. ఆ సమీక్షలు చదవడం మంచిదే, కానీ అవి వాళ్ళ పాఠకుల కోసం రాసుకున్నవి, ధర డాలర్లలో ఉంటుంది, మన పిల్లలు అడిగే ప్రశ్నలు వాటిలో సగానికి సగం ఉండవు. పైగా అక్కడ కూడా ఈ పని తగ్గిపోతా ఉంది, వాళ్ళ సంఘం ఎన్నో ఏళ్ళు నడిపిన, మేలైన రిఫరెన్స్ పుస్తకాలు ఏవో చెప్పే గైడ్ టు రిఫరెన్స్‌ని 2016లో ఆపేశారు. కాబట్టి ఇక్కడ తిరుపతిలో ఉన్న యూనివర్సిటీల లైబ్రేరియన్లు ఏడాదికి ఒకసారి కూర్చుని, వచ్చిన స్పెసిమెన్ కాపీలు పంచుకుని చూసి, ఒక్కో దాని మీద పది లైన్లు రాసుకుంటే చాలు, అదే మన సమీక్షా పత్రిక. ఒకే ఖరీదైన సెట్టు పక్కపక్కనే ఉన్న మూడు క్యాంపస్‌లలో మూడుసార్లు కొనే పని కూడా తప్పుతుంది.

ఇంకో సంగతి కొనడమా, అద్దెకి తీసుకోవడమా అన్నది. 2025 ఫిబ్రవరిలో క్లారివేట్ కంపెనీ (లైబ్రరీలకి ఈ-బుక్కులు, డేటాబేసులు అమ్మే ప్రోక్వెస్ట్ దాని చేతిలోనే ఉంది) ఈ-బుక్కుల్ని ఒకసారి డబ్బు కట్టి శాశ్వతంగా కొనుక్కునే పద్ధతి తీసేస్తాం అని ప్రకటించింది, ప్రపంచమంతా లైబ్రేరియన్లు గట్టిగా అడిగేసరికి గడువు 2026 జూన్ దాకా పెంచింది. అంటే పెద్ద సంస్థలు ఎటు పోతున్నాయో తెలిసిపోయింది. చందా కట్టినన్నాళ్ళే ఆ ఎన్‌సైక్లోపీడియా మనది, ఒక్క ఏడాది ఫండ్ రాకపోతే ఆ రోజు నుంచి షెల్ఫ్ ఖాళీ. ఫండ్ ఏ నెలలో వస్తుందో తెలియని రాష్ట్ర యూనివర్సిటీకి ఇది చాలా ప్రమాదం. నా మాటైతే, నెలనెలా మారే డేటాకి చందా కట్టండి, పదేళ్ళు నిలబడే హ్యాండ్‌బుక్కుని మాత్రం పుస్తకంగానో శాశ్వత హక్కుతోనో కొనండి, ఆర్డర్ పెట్టే ముందు ఆ హక్కు మాట కాగితం మీద రాయించుకోండి.

డబ్బు అక్కర్లేనివి కూడా బోలెడు ఉన్నాయి, వాటిని మనమే పట్టించుకోవడం లేదు. బ్రౌన్ నిఘంటువు, 1991లో వచ్చిన గ్విన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, బరో-ఎమెనో ద్రావిడ పదాల వ్యుత్పత్తి నిఘంటువు, ఈ మూడూ షికాగో యూనివర్సిటీ సైట్లో ఎవరైనా వెతుక్కోవచ్చు. ఆంధ్రభారతి సైట్లో పాత తెలుగు నిఘంటువులు ఎన్నో ఒకే పెట్టెలో కొట్టి చూడొచ్చు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైట్ పోయినా అందులోని తెలుగు పుస్తకాలు ఆర్కైవ్.ఆర్గ్‌లో ఉన్నాయి. టీటీడీ ఈ-బుక్స్ సైట్ సరేసరి. కానీ మన కేటలాగ్‌లో వెతికితే ఇవి అగుపడవు. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్లో ఒక రికార్డు చేసి, లింకుల కోసమే ఉండే 856 ఫీల్డులో లింక్ పెడితే పిల్లవాడు శబ్దరత్నాకరం లాంటి పాత నిఘంటువు పేరు కొట్టగానే షెల్ఫ్ నంబరుతో పాటు లింకు కూడా వస్తుంది. కుప్పంలో ద్రావిడ యూనివర్సిటీ ఉంది, తిరుపతిలో ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఈ లింకులు అందరికన్నా ముందు అవసరమయ్యేది మన జిల్లాల వాళ్ళకే.

కమిటీలో ఇంకో వాదన కూడా వస్తుంది, సర్క్యులేషన్ రిపోర్ట్ (ఇష్యూ అయిన పుస్తకాల లెక్క) తీస్తే రిఫరెన్స్ బుక్స్‌కి సున్నా ఉంది, ఎవరూ వాడటం లేదు అని. అసలు వాటిని ఇష్యూ చేయం కదా, సున్నా కాక ఏముంటుంది? సాయంత్రం టేబుళ్ళ మీద మిగిలిపోయిన పుస్తకాల్ని షెల్ఫ్‌లో పెట్టే ముందు స్కాన్ చేస్తే చాలు, కోహాలో లోకల్ యూజ్ (లైబ్రరీలోనే వాడినవి) కింద ఎక్కుతుంది. అటెండర్‌కి రోజూ పావుగంట పని. ఏడాది తిరిగేసరికి ఏది కదిలింది, ఏది దుమ్ము పట్టింది అన్నది లెక్కతో సహా కమిటీ ముందు పెట్టొచ్చు.

ఇంక అసలు లోటు ఒకటుంది, అది ఏ వెండర్ కేటలాగ్‌లోనూ దొరకదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి, చిత్తూరు జిల్లాలోంచి తిరుపతి విడిపోయింది, మదనపల్లె, పీలేరు అన్నమయ్యలోకి పోయాయి, నెల్లూరు నుంచి సూళ్ళూరుపేట మన వైపు వచ్చింది. 2011 సెన్సస్ పట్టికలన్నీ పాత జిల్లాల మీద ఉన్నాయి. పుత్తూరు, నగరి పక్కపక్క ఊళ్ళు, 2022లో ఒకటి తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది, ఇంకొకటి చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది, ఆ రెండింటి మీద భూగర్భజలాల థీసిస్ రాసే పిల్లవాడు ఏ లెక్క ఎక్కడ పట్టుకోవాలి? ఇంకా వెనక్కి పోతే ఇంకా చిక్కు. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. అంతకుముందు తిరుపతి ఉత్తర ఆర్కాటులో ఉంది, కాబట్టి 1881లో కాక్స్ రాసిన నార్త్ ఆర్కాట్ మాన్యువల్ (బ్రిటిష్ కాలపు జిల్లా వివరాల పుస్తకం) చూడాలి. మదనపల్లె అయితే కడప జిల్లాలో ఉండేది, దానికి 1875 నాటి గ్రిబుల్ కడప మాన్యువల్ చూడాలి. చిత్తూరు అని కొట్టి ఏమీ లేదనుకుని వెనక్కి పోయిన పిల్లలు ఎంతమందో.

ఒక్కో మండలం పేరు ఎదురుగా 1911కి ముందు ఏ జిల్లా, ఆ తర్వాత ఏ తాలూకా, 2011 సెన్సస్‌లో ఏ కోడ్, 2022 తర్వాత ఏ జిల్లా, ఏ రెవెన్యూ డివిజన్, ఏ మాన్యువల్లో ఏ పేజీ, ఇంత ఉన్న ఒక చిన్న పుస్తకం చేయాలి. దీనికి ఢిల్లీ పబ్లిషర్ అక్కర్లేదు, గెజిట్ నోటిఫికేషన్లు ఉన్నాయి, సెన్సస్ హ్యాండ్‌బుక్కులు ఉన్నాయి, లైబ్రరీ సైన్స్ చదివే పిల్లలు ప్రాజెక్టులు చేయడానికి టాపిక్కులు వెతుక్కుంటా ఉన్నారు, పాత జిల్లా రికార్డులు తెలిసిన హిస్టరీ మాస్టార్లు ఊళ్ళోనే ఉన్నారు. వచ్చే జనగణనకి 2027 మార్చి 1ని లెక్కగా పెట్టుకున్నారు, ఆ పట్టికలు కొత్త జిల్లాల మీద వస్తాయి. అవి వచ్చేలోపే ఈ పుస్తకం మన రిఫరెన్స్ టేబుల్ మీద ఉండాలి, ఎందుకంటే పాత లెక్కా కొత్త లెక్కా పక్కపక్కన పెట్టి చూడాలనుకునే మొదటి స్కాలర్ ఆ నెలలోనే మన దగ్గరికి వస్తాడు.