ఏడు లీటర్ల ‘ఒకవేళ’

సైకిల్ హ్యాండిల్‌కి తగిలించే బ్యాగు విషయంలో తొందరపాటు పనికిరాదని నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను. సైకిల్ ఏదైనా ఫరవాలేదు, తొక్కితే కదులుతుంది. కాళ్ళు ఎలాగూ ఉన్నవే వాడుకోవాలి. బ్యాగు అలా కాదు. రోజంతా కళ్ళెదురుగా ఉంటుంది. దాని ముఖం నచ్చకపోతే దారి పొడుగునా ఆ ముఖాన్నే చూస్తూ తొక్కాలి.

అందుకే 200 కిలోమీటర్ల బ్రెవేకి పేరిచ్చిన రోజునే ప్రాక్టీసు ఆపేసి బ్యాగు వెతకడం మొదలుపెట్టాను. బ్రెవే అంటే పందెం కాదు. దారిలో అక్కడక్కడా కార్డు మీద ముద్ర వేయించుకుంటూ గడువులోపు పూర్తి చేస్తే చాలు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు ఇస్తారు. బ్యాగు తేల్చుకోవడానికి నాకు తొమ్మిది వారాలు పట్టింది. దీనికి గడువు పెట్టకపోవడం నిర్వాహకుల మంచితనం.

ముందు ఆకారం తేలాలి. ఒకటి పెట్టెలా ఉండి మూత తెరుచుకునేది, పైన మ్యాపు కనబడే ప్లాస్టిక్ జేబు ఉంటుంది. ఇంకొకటి పరుపుచుట్టలా ఉండి రెండు చివర్లూ మడిచి బిగించేది. పెట్టెలో వస్తువు చేతికి దొరుకుతుంది, చుట్టలోకి వాన దూరదు. అంటే ఆకలికి ఓర్చుకుంటావా, తడికి ఓర్చుకుంటావా అన్నది ప్రశ్న. కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్ ఉన్నవాళ్ళకి చుట్టతో ఇంకో చిక్కుంది. అది రెండు కొమ్ముల మధ్య పట్టాలి. కాస్త పొడుగైతే బ్రేకు నొక్కబోయిన వేళ్ళు బ్యాగును నొక్కుతాయి. ఇంకా కింద టైరుకు రాసుకోకూడదు, ముందు లైటుకు అడ్డం రాకూడదు, కేబుళ్ళను నలపకూడదు, ఫ్రేము మీద రంగు గీకకూడదు. ఇన్ని షరతులకు ఒప్పుకునే అల్లుడు కూడా దొరకడు.

మూత ఎటు తెరుచుకోవాలన్న దాని మీద మూడు రాత్రులు ఆలోచించాను. నవ్వకండి. మూత అతుకు మనవైపు ఉంటే, తెరవగానే ఎదురుగాలి దాన్ని పూర్తిగా వెనక్కి విరిచి లోపలి కాగితాలు ఎగరేస్తుంది. అతుకు అవతలి అంచున ఉంటే ఆ గాలే మూత మూసిపెడుతుంది. నేను రెండోది తీసుకున్నాను. ఒంటిచేత్తో బిస్కెట్టు తీస్తుంటే వేళ్ళ మీద టప్పున మూత పడ్డప్పుడల్లా నా ముందుచూపుకు నేనే ముచ్చటపడతాను.

ఇక పరిమాణం. మూడు లీటర్లదైతే ఫోను, ట్యూబు, రెండు అరటిపళ్ళు పడతాయి. అసలు అంతకుమించి ఏం కావాలి? కానీ కొన్నది ఏడు లీటర్లది. ఖాళీ జాగా కనబడితే మనిషికి భయాలు గుర్తొస్తాయి. ఒకవేళ వాన పడితే? ఒకవేళ చలేస్తే? ఒకవేళ టార్చి ఆరిపోతే? అందుకని రెండో టార్చి. అదీ ఆరిపోతే విప్పి చూడటానికి స్క్రూడ్రైవరు. దాన్ని ఎవరైనా అడిగి తీసుకుని తిరిగివ్వకపోతే ఇంకో స్క్రూడ్రైవరు. గతుకు వచ్చినప్పుడల్లా ఆ రెండూ గలగలా మాట్లాడుకుంటాయి. బ్యాగు తగిలించే క్లాంపు మీద ఎంత బరువు మోస్తుందో చిన్న అక్షరాల్లో రాసి ఉంది. చదవాలంటే కళ్ళజోడు కావాలి. అది బ్యాగు అడుగున ఉంది.

ఈ బరువంతా హ్యాండిల్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి నెమ్మదిగా పోతున్నప్పుడు ముందుచక్రం దాని ఇష్టం వచ్చినట్టు పక్కకి వాలుతుంది. సైకిల్‌ని గోడకి ఆనించి రెండడుగులు వేశానో లేదో, హ్యాండిల్ మెల్లగా తల తిప్పుతుంది, ఆ తర్వాత సైకిల్ మొత్తం గోడ వెంబడి జారుతూ, ఏమాత్రం కంగారు లేకుండా, బ్యాగు మీద బోర్లా పడుకుంటుంది. హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతను నేలదాకా పొడిగిస్తే అది తాకే చోటుకూ, ముందుచక్రం నేలను తాకే చోటుకూ మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. అది తక్కువ ఉండేలా కట్టిన ఫ్రేములు ముందు బరువును బాగా మోస్తాయట. అంటే బ్యాగుకు తగ్గ సైకిల్ కొనడమే న్యాయం. ఇంట్లో ఈ ప్రతిపాదన చర్చకే రాలేదు.

1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ ఊరికి వెళ్ళి తిరిగొచ్చే మొదటి పారిస్–బ్రెస్ట్–పారిస్ సైకిల్ పందెం జరిగినప్పుడు షార్ల్ టెరాన్ అనే ఫ్రెంచి సైక్లిస్టు 1200 కిలోమీటర్ల దూరాన్ని, మార్చడానికి గేర్లన్నవే లేని సైకిల్ మీద, నిద్రపోకుండా 71 గంటల 22 నిమిషాల్లో తొక్కేశాడు. ఇప్పుడు అదే దూరానికి 90 గంటలు ఇస్తున్నారు. పాపం ఆ కాలంలో బ్యాగుల్లో ఇన్ని రకాలు లేవు. అందుకే ఆయన అనుకున్న రోజుకి బయల్దేరగలిగాడు.

ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు సాగిన నా సన్నాహాలు చివరికి రోడ్డెక్కాయి. 62వ కిలోమీటరు దగ్గర వెనక చక్రం పంక్చరైంది. ట్యూబు, టైరు ఊడదీసే లివర్లు బ్యాగులో ముందుగా సర్దాను కాబట్టి అన్నిటికన్నా అడుగున ఉన్నాయి. రోడ్డు పక్కన రెయిన్‌కోటు పరిచి ఒక్కొక్కటే తీసి పెట్టాను. టార్చీలు రెండు, స్క్రూడ్రైవర్లు రెండు, చేతితొడుగులు, తాడు, కళ్ళజోడు. అన్నీ వరసగా, శుభ్రంగా.

అటుగా పోతున్న పెద్దాయన ఒకరు సైకిల్ ఆపారు. ఆయన హ్యాండిల్‌కి ఒక గుడ్డసంచి వేలాడుతోంది, అంతే. దిగి వచ్చి ఒక టార్చి చేతిలోకి తీసుకుని, వెలిగించి, ఆర్పి, మళ్ళీ వెలిగించి చూశారు.

“ఎంతకిస్తావు బాబూ?”

ఇవి అమ్మకానికి కాదండీ అని నేను నచ్చజెప్పేలోగా ఇంకో ఇద్దరు ఆగారు.