'అధ్యయనంలో తేలింది' గారికి ఒక ఉత్తరం

అయ్యా 'అధ్యయనంలో తేలింది' గారూ,

నల్లగొండ నుంచి దండం పెట్టి రాస్తున్న. మీ మొఖం ఎన్నడు చూడలే గని, మా ఇంట్ల మీకు పెద్ద పీటే ఉన్నది. మొన్న నీళ్ల మిషన్ అమ్మెటోడు మిమ్ముల్నే సంచిల పెట్టుకొని వచ్చిండు. "మా ఫిల్టర్ నీళ్లు తాగితే మోకాళ్ల నొప్పులు తగ్గుతయని అధ్యయనంలో తేలిందమ్మా" అనుకుంట రంగుల కాయితం మా అమ్మ చేతుల పెట్టిండు. అమ్మకు సదువు రాదు. ఒక్కటే అడిగింది: "తేల్చినోళ్లకు కూలి ఎవలిచ్చిన్రు బిడ్డా?"

పోరగాడు నవ్విండు. నేను అద్దాలు పెట్టుకొని, కాయితం అడుగున చీమ తలకాయంత అక్షరాలు ఏరుకొని సదివిన. ఇచ్చింది ఆ కంపెనీయే.

గీ ముచ్చట అమెరికాల ఎవలన్న అడిగుంటే ఎంత బాగుండు! 1967ల హార్వర్డ్ పెద్దసార్లు ముగ్గురు 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'ల గుండెజబ్బు పాపమంత కొవ్వు నెత్తిన రుద్ది, చక్కెరను సల్లగ తప్పించిన్రు. ఆ రాతకు చక్కెర కంపెనీల సంస్థ ముట్టజెప్పింది 6,500 డాలర్లు. సంగతి బయటపడ్డది 2016ల. రూలు తప్పిన్రని అననీకి గూడ లేదు. పైసలెవరివో చెప్పాలన్న రూలు ఆ పత్రిక 1984ల గాని పెట్టలే. మా దిక్కు పంచాయితీ పెద్దమనిషి ఒక పక్కోని ఇంట్ల కోడికూర తింటే పొద్దుగూకక ముందే ఊరంత వాసనొస్తది. మీ కూర వాసన రానీకి 49 ఏండ్లు పట్టింది. ఏం మూత పెట్టిన్రయ్యా!

అట్లని మిమ్ముల్ని మొత్తానికే ఎల్లగొట్టలేం. మర్రిగూడ దిక్కు వంకరపోయిన కాళ్లకు బోరునీళ్ల ఫ్లోరైడ్‌కు ముడి ఉన్నదని చెప్పింది మీ అన్నదమ్ములే. 1970లల్ల హైదరాబాద్ పోషకాహార సంస్థ సార్లు మా జిల్లా పిల్లల మోకాళ్లు పట్టి చూసిన్రు. పటిక, సున్నం కలిపి నీళ్ల ఫ్లోరైడ్ దించే ఉపాయానికి నాగపూర్‌ల ఉన్న సర్కారు పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు మా ఊరి పేరే పెట్టిన్రు, 'నల్గొండ టెక్నిక్' అని. అవన్ని సర్కారు పైసలు. లేకుంటే పటిక ముక్క మీద మీకు కూలి ఇచ్చే కంపెనోడు ఎవడు? సున్నానికి రంగుల కాయితం అచ్చేసేటోడు ఎవడు? గందుకే సంచి భుజానేసుకొని పటిక ముచ్చట చెప్పెటోడు మా గల్మలకు ఇప్పటిదాంక రాలే.

ఆ పోరగాడు మల్లొస్తనని పోయిండు. ఈసారి సంచిల దాసుకోకుంట మీరే రాండ్రి. అమ్మ అడిగినదానికి గల్మలనే జవాబు చెప్పి లోపటికి రావాలె. చాయ్ పోస్తం. చక్కెర ఎంత వెయ్యాల్నో మాత్రం మీరే చెప్పుండ్రి.

ఇట్లు,
బోరునీళ్లు తాగి పెరిగినోడు