వావివరసల మర్యాద

మేనరికమని ముచ్చటపడి పిల్లనిచ్చుకునే మనవాళ్లకు, చుట్టరికం బయటపడిందని పెళ్లినే కొట్టివేసే ధర్మసూక్ష్మం ఒక పట్టాన బోధపడదు. అది తెలియాలంటే 12వ శతాబ్దపు ఫ్రాన్సులో ఆక్విటేన్ సంస్థానానికి వారసురాలైన ఎలియనోర్ సంసారాన్ని భక్తిశ్రద్ధలతో పరిశీలించాలి.

తండ్రి తీర్థయాత్రలో కన్నుమూసిన 1137లోనే ఆమెకు బోర్డో నగరంలో ఫ్రాన్సు యువరాజు లూయీతో పెళ్లయింది. వారం తిరిగేసరికి మామగారూ కాలం చేయడంతో కొత్త కోడలు మహారాణి అయి కూర్చుంది. వధూవరులిద్దరూ ఒకే పాత రాజు సంతతివారు, ఆనాటి చర్చి లెక్కలో కలవకూడని వరస. అయితే కట్నంగా ఆక్విటేన్ అంత రాజ్యం వస్తున్నప్పుడు ముత్తాతల పేర్లు తవ్వి తీయడం పెద్దమనుషుల లక్షణం కాదు గనుక ఎవరూ తవ్వలేదు.

1149లో ధర్మయుద్ధం (క్రూసేడ్) నుంచి ఎడమొగం పెడమొగంగా తిరిగివస్తున్న దంపతులను పోప్ మూడవ యూజీనియస్ చేరదీశాడు. ఇకపై ఈ చుట్టరికం ఊసెత్తరాదని శాసించి, తన సొంత తెరలతో అలంకరించిన ఒకే మంచం మీద ఇద్దరినీ పడుకోబెట్టాడు. మన శోభనం గదిలో పెద్ద ముత్తైదువ చేసే పనిని అంతటి జగద్గురువు స్వయంగా చేసిన సందర్భం మరొకటి ఉన్నట్టు తోచదు. ఫలితంగా బిడ్డ పుట్టింది. కానీ ఆడపిల్ల, అదీ రెండవది. అంతటితో రాజుగారికి ముత్తాతలు జ్ఞాపకం రాసాగారు. 1152 మార్చిలో బోజాన్సీలో సమావేశమైన మతగురువులు, పదిహేనేళ్లుగా జరుగుతున్న కాపురం వరస తప్పినదని కనిపెట్టారు.

అంత ఘోరం నుంచి బయటపడిన ఎలియనోర్, రెండు నెలలు తిరక్కుండానే అంతకంటే దగ్గరి చుట్టమైన నార్మండీ ప్రభువు హెన్రీని పెళ్లాడింది. అతడు ఆమెకంటే దాదాపు పదేళ్లు చిన్నవాడు. 1154లో ఇంగ్లండుకు రాజయ్యాడు. లూయీకి ఒక్క కొడుకునైనా కనలేదని అపవాదు మోసిన ఇల్లాలు ఇక్కడ అయిదుగురు కొడుకులను, ముగ్గురు కూతుళ్లను కన్నది.

అసలైన వియ్యాలు ఇక్కడినుంచే మొదలు. 1160లో ఎలియనోర్ కొడుకు చిన్న హెన్రీకి, లూయీ రెండవ భార్య కన్న మార్గరెట్‌కు పెళ్లి చేశారు. వరుడికి అయిదేళ్లు, వధువుకు రెండేళ్లు. దానితో మాజీ మొగుడు వియ్యంకుడయ్యాడు. అదే ఏడు లూయీ మూడవ పెళ్లి చేసుకున్న అడేలాకు అన్నదమ్ములున్నారు. వారిలో ఇద్దరే ఎలియనోర్ ద్వారా లూయీకి కలిగిన ఇద్దరు కూతుళ్లకూ మొగుళ్లు. ఆ అల్లుళ్లు లూయీని మామగారూ అనాలా, బావగారూ అనాలా? ఆ ఆడపిల్లలకు ఆడబిడ్డే సవతితల్లి. మన ఊళ్లో అయితే ఒక్క భోజనాల పంక్తి కూర్చేసరికి పెళ్లిపెద్దకు మతి పోయేది.

1173లో కొడుకులు తండ్రి మీద తిరగబడినప్పుడు, పెద్దవాడు మామగారైన లూయీ పంచన చేరాడు. పిల్లలను ఎగదోసిందని ఎలియనోర్‌ను హెన్రీ నిర్బంధించాడు. 1189లో అతడు చనిపోయాకగాని ఆమెకు విడుదల లేదు. పదహారేళ్ల నిర్బంధానికి మాత్రం ఏ మతగురువుల సభా వావివరసలు వెతకలేదు.

1200లో, డెబ్బై అయిదు దాటిన వయసులో, ఆ ముసలమ్మ కొండలు దాటి స్పెయిన్‌లోని కాస్టీల్‌కు వెళ్లి, కూతురి కూతురైన బ్లాంష్‌ను వెంటబెట్టుకుని బయలుదేరింది. పెళ్లికొడుకు ఎవరో కాదు, ఆ మాజీ మొగుడు లూయీకి మనవడు. ఆ జంటకు పుట్టిన తొమ్మిదవ లూయీని 1297లో చర్చి పునీతుల జాబితాలో చేర్చుకుంది. వరస కుదరదని విడదీసిన ఆ ఇద్దరికీ ఆయన మునిమనవడు.