నల్లరాయి డైకు దగ్గర రంగు ఆగాలి

చిత్తూరు జిల్లాలో క్వారీల చుట్టూ భూగర్భజలాల నాణ్యత మ్యాపు గీయమంటే నలభై బోర్ల నీళ్లు పరీక్షకు పంపి, అంకెలు కంప్యూటర్‌కు అప్పగిస్తారు. బోరుకూ బోరుకూ మధ్య ఖాళీని అది అంచనాతో నింపుతుంది. మండలమంతా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పరుచుకుంటాయి. చూడముచ్చటగానే ఉంటుంది, మన నేలకు మాత్రం పొసగదు.

ఇక్కడ నీళ్లుండేది గ్రానైట్, నైస్ రాళ్ల పగుళ్లలో. ఒకే చేలో ఒక బోరు పోస్తుంటే పక్కది దుమ్ము లేపడం రైతుకు కొత్త కాదు; నీటి గుణమూ అలాగే మారుతుంది. పైగా నల్ల గ్రానైట్‌గా అమ్ముడయ్యేది చాలాచోట్ల డోలరైట్ డైకే, అంటే పాత రాతి చీలికలోకి శిలాద్రవం చొరబడి గట్టిపడిన నల్లరాతి పట్టీ. పగుళ్లు లేని డైకు భూమిలో నిలువు గోడలా నీటిని ఆపుతుంది. ఈ పక్క అంకెను ఆ పక్కకు సాగదీస్తే మ్యాపు అబద్ధమాడుతుంది. ముందు డైకులు గీయాలి, రంగు అక్కడ ఆగాలి. క్వారీ ఆ గోడనే తవ్వేసినచోట రెండువైపులా విడివిడిగా నమూనాలు తీయాలి.

నమూనా దగ్గరే సగం పని చెడుతుంది. ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకు దాదాపు 21 లీటర్లు నిలవ ఉంటాయి. మోటారు వేయగానే పట్టిన సీసాలో ఉండేది ఆ పాత నీరే. ఐదు నిమిషాలకోసారి చూస్తూ విద్యుత్ వాహకత (నీటిలో కరిగిన లవణాలకు కొలత), పీహెచ్ మూడుసార్లు నిలకడగా వచ్చాకే పట్టాలి. లోహాల సీసాకు 0.45 మైక్రాన్ల వడపోత ముందు, నైట్రిక్ ఆమ్లం తర్వాత. వరుస తిరగబడితే నీళ్లలోని రాతిపొడి ఆమ్లంలో కరిగి, ఇనుము, అల్యూమినియం లేనంత చూపిస్తాయి. అదే ఆమ్లం నైట్రేట్ సీసాలో పడితే ఇక చెప్పేదేముంది, ఆమ్లంలోని నైట్రేటే కొలతకెక్కుతుంది! నీళ్లలో ధన, రుణ అయాన్ల మొత్తం ఆవేశాలు సరిసమానంగా ఉండాలి; కొలతల్లో ఆ తేడా 10 శాతం దాటిన నమూనాకు మ్యాపులో చోటివ్వకూడదు.

ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటగానే నింద క్వారీ మీద వేయడం తొందరపాటు. కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ ఉన్న నీరు రాతి నుంచే దాన్ని లాగుతుంది. నైట్రేట్ (హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు) సంగతి వేరు. దానితోపాటు క్లోరైడ్, పొటాషియం పెరిగితే మురుగునో పశువుల దొడ్డినో అనుమానించాలి. నైట్రేట్ ఒక్కటే పెరిగితే ఎరువుతోపాటు పేలుళ్లకు వాడే అమ్మోనియం నైట్రేట్‌నూ లెక్కలోకి తీసుకోవాలి. గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల వైపు మాత్రం సల్ఫేట్, ఆర్సెనిక్ పరీక్ష తప్పనిసరి. అవి కోలార్ శిస్టు (పలకలుగా చీలే రాయి) పట్టీ దక్షిణపు కొసన ఉన్నాయి, బంగారంతోపాటు ఆ రెండింటినీ నీళ్లలోకి వదలగల సల్ఫైడ్ ఖనిజాలుంటాయి.

నమూనాలు మే నెలలో ఒకసారి, జనవరిలో ఒకసారి తీయాలి. ఈశాన్య రుతుపవనాల వాన డిసెంబరు దాకా పడే జిల్లాలో అక్టోబరు నమూనాను ‘వానల తర్వాత’ అనడం ఇంకెక్కడి పద్ధతో తెచ్చిపెట్టుకోవడమే. ఇక మ్యాపులో ప్రతి చుక్క పక్కన బోరు లోతు, కేసింగ్ ఎంతవరకు దించారు, తేదీ రాయాలి. లోతు తెలియని బోరుకు ఖాళీ వృత్తం గీస్తే సరి.